చానమ్మ ఆ రాత్రి ఏం చేసుంటది? డార్క్ ఫాంటసీ హీరోయిన్లు ఎందుకింత పట్టేస్తారంటే

నెల్లూరు పక్క పుట్టి పెరిగినవాళ్లకి ఖడ్గతిక్కన కథ కొత్తగా చెప్పక్కర్లేదు, ఏదో ఒక క్లాసులో తెలుగు సారు చెప్పే ఉంటాడు. 13వ శతాబ్దం, నెల్లూరుని మనుమసిద్ధి ఏలే కాలం. పశువుల మేతకి కట్టాల్సిన పుల్లరి దగ్గర యాదవ నాయకుడు కాటమరాజుతో మొదలైన తగాదా ముదిరి ముదిరి యుద్ధం దాకా పోయింది. సేనాని ఖడ్గతిక్కన, భారతం రాసిన తిక్కన సోమయాజికి పెదనాన్న కొడుకు అంటారు, మొదటి విడతలో ఓడిపోయి ఇంటికి తిరిగొచ్చాడు. ఇంట్లో ఓదార్చినోళ్లు లేరు. స్నానానికి పోతే పెళ్లాం చానమ్మ అక్కడ మంచం అడ్డంపెట్టి పసుపు ముద్ద పెట్టి ఉంచింది, ఆడవాళ్లకి పెట్టినట్టు. ఇదేందని అడిగితే, శత్రువుకి వీపు చూపించి వచ్చావుగా, ఇంట్లో ఇప్పటిదాకా ఇద్దరం ఆడవాళ్లం, నీతో ముగ్గురం అయినాం, ఇంకేం సిగ్గు అన్నది. అన్నం దగ్గర కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది, నువ్వు విరిగొచ్చావు, మేతకి పోయిన పసులూ విరిగొచ్చినాయి, పాలూ విరిగినాయి నాయనా అని. అతను లేచి పోయాడు. ఈసారి తిరిగి రాలేదు.

ఈ కథ చెప్పే చాటు పద్యాలు ఇక్కడికి ఆగిపోతాయి. వాటి పని అయిపోయింది, మగాడికి రోషం వచ్చింది, యుద్ధంలో పడిపోయాడు, వీరుడయ్యాడు, చాలు. మరి చానమ్మ? ఎగతాళి చేసి మొగుణ్ణి చావుకి పంపిన మనిషి, ఆ కబురు వచ్చిన రోజు ఏం చేసింది, ఆ పసుపు ముద్ద ఇంకా అక్కడే ఎండిపోయి ఉందా, అత్తా కోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారా, "నువ్వన్న మాటకే పోయాడు" అని ముందు ఎవరన్నారు, లేకపోతే ఇద్దరూ మావాడు వీరుడని తలెత్తుకునే బతికారా, తలెత్తుకుని బతికినా రాత్రిపూట నిద్ర పట్టిందా. మామూలుగా కథ చెప్పేవాళ్లు ఈ వైపుకి రారు. మగాడి కథకి ఆ ఇద్దరూ ముల్లుకర్ర లాంటోళ్లు, ఎద్దు కదిలాక ముల్లుకర్ర గోడకి ఆనిస్తారు, అంతే.

డార్క్ ఫాంటసీ నవల మొదలయ్యేది సరిగ్గా ఈ గోడ దగ్గర. ఈ రకం నవలలు ఇంగ్లీషులో ఫోన్లో పెట్టుకుని తెల్లారేదాకా చదివే పిల్లకాయలు నెల్లూరు, ఒంగోలు హాస్టళ్లలో బాగానే కనపడతారు, పక్క మంచం వాళ్లు "అంత చీకటి కథలు ఏం చదువుతావే తల్లీ" అంటా ఉంటారు. బయట్నించి చూసేవాళ్లకి అది కత్తులు, రక్తం, దెయ్యాలు, ఒక పొగరుబోతు ఆడపిల్ల, అంతే అనిపిస్తది. కానీ లాగేది కత్తి అయితే ఏ సినిమా అయినా సరిపోద్ది గదా. ఈ నవలల్లో లాగేది ఏందంటే, ఒక ఆడదాని కోపాన్ని మొదట్నించి చివరిదాకా, అది చేసిన మంచీ చెడూ ఖర్చూ అన్నీ కలిపి, ఆమె ఒంట్లో కూర్చుని లెక్క చూడనివ్వడం. అట్టా చూడనిచ్చే కథలు మనకి తక్కువే.

ముందు ఈ పేరు సంగతి. డార్క్ ఫాంటసీ అంటే మంత్రాలు, దేవుళ్లు, వింత లోకాలు ఉండే కథే, కాకపోతే మంత్రం వచ్చి ఆదుకోదు, ఆదుకున్నా దానికి రెండింతలు వసూలు చేస్తది, మంచివాళ్లు గెలుస్తారనే గ్యారంటీ ఉండదు, అసలు మంచివాళ్లు ఎవరో చివరిదాకా తేలదు. దీనికి చుట్టం లాంటి ఇంకో మాట గ్రిమ్‌డార్క్, ఇది 1987లో వచ్చిన వార్‌హామర్ 40,000 అనే బల్లమీద ఆడే యుద్ధం ఆట ట్యాగ్‌లైన్ నించి పుట్టింది, భవిష్యత్తు అంతా చీకటే, యుద్ధమే అనే అర్థంలో. రెండిటికీ మధ్య గీత ఎక్కడ గీయాలని అభిమానులు కొట్టుకుంటా ఉంటారు, ఆ గొడవలోకి పోవడం వల్ల పెద్ద ఉపయోగం లేదు.

ఇదేదో ఈ పదేళ్లలో వచ్చిన ఫ్యాషన్ అనుకుంటే మాత్రం పొరపాటు. 1934 అక్టోబర్‌లో అమెరికాలో వియర్డ్ టేల్స్ అనే పత్రికలో సి.ఎల్. మూర్ రాసిన ఒక కథ వచ్చింది. హీరోయిన్ పేరు జిరెల్, ఫ్రాన్సులో జోయిరీ అనే ఊహలో కోటకి ఏలిక. కథ మొదలయ్యేసరికే ఓడిపోయి ఉంటది, కోట పోయింది, గెలిచినోడి ముందు కవచంతో నిలబెడతారు, హెల్మెట్ తీస్తే గానీ వాడికి ఎదురుగా ఉంది ఆడమనిషని తెలీదు. వాడు బలవంతంగా ముద్దు పెట్టుకుంటాడు. ఆమె రాత్రికి జైలు గదిలోంచి బయటపడి, పారిపోకుండా, కోట అడుగున ఉన్న సొరంగంలో దిగి ఏదో నరకం లాంటి లోకానికి పోద్ది, వాణ్ణి చంపే ఆయుధం తెచ్చుకోవడానికి. ఇక్కడ మూర్ ఒక చిన్న వివరం పెట్టింది, కథ మొత్తంలో అదే గొప్ప చోటు. సొరంగం చివర జిరెల్‌కి చీకటి తప్ప ఏమీ కనపడదు, కళ్లు పొడుచుకున్నా కనపడదు. మెడలో శిలువ తీసి పడేసిన తర్వాతే ఆ లోకం కళ్ల ముందుకొస్తది. అంటే కాపాడే వస్తువు మెడలో ఉన్నంతసేపు ఆమెకి ఆయుధం దొరకదు. (మన దగ్గర ఎవరైనా రాసుంటే మెడలోంచి ఏం తీయించేవాళ్లో చదివేవాళ్లు ఊహించుకోవచ్చు.) ఆయుధం దొరుకుద్ది, వాడు చస్తాడు, వాడు చచ్చాక ఆమెకి అర్థమయ్యేదేందంటే వాడి మీద తనకున్నది ఉత్త ద్వేషం కాదని, ఇక తన లోకంలో వెలుగు లేదని. అది ప్రేమేనా అని ఈ కాలం పాఠకురాలికి అనుమానం వస్తది, రావాలి కూడా, ఆ ముగింపు తొంభై ఏళ్ల కిందటి ముగింపు. కానీ పగ తీరాక పగే తిరిగి మీద పడ్డం అనేది అప్పుడే మొదలైంది. ఇంకో సంగతి, మూర్ అసలు పేరు క్యాథరిన్, ఒక బ్యాంకులో ఉద్యోగం, ఇట్టాంటి కథలు రాస్తున్నట్టు అక్కడ తెలీకూడదని ఇనిషియల్స్ పెట్టుకుంది. చాలామంది రాసింది మగాడే అనుకున్నారు.

ఇదంతా పరదేశం సరుకు, మనకేం సంబంధం అనేవాళ్లు ఒకసారి ప్రకాశం జిల్లాలో ఏ ఊళ్లోనైనా కొలుపులు చూసి రావాలి. పోలేరమ్మకో అంకమ్మకో కొలుపు పెట్టుకుంటారు, పంబ వాయిస్తా ఉంటే, సాంబ్రాణి పొగ కమ్ముకుంటా ఉంటే, అప్పటిదాకా కొంగు తల మీద కప్పుకుని ఓ మూల నిలబడ్డ కోడలు పిల్ల ఉన్నట్టుండి ఊగడం మొదలుపెట్టుద్ది. జుట్టు విరబోసుకుంటది. మామని పేరు పెట్టి పిలుస్తది. ఏరా, నన్ను మరిచిపోయినావురా, నా గుడి గోడ కూలి ఎన్నాళ్లయిందిరా అంటది, ఇంట్లో ఏడాది పొడుగునా ఆ మనిషి ఎదురుగా కూర్చోడానికి కూడా లేని పిల్ల. మామ చేతులు కట్టుకుని తప్పయింది తల్లీ అంటాడు. వేపమండలు తెస్తారు, పసుపు నీళ్లు పోస్తారు, అమ్మ శాంతించింది. పొద్దున్నే ఆ పిల్ల ఎప్పటిలానే అంట్లు తోముతా ఉంటది. రాత్రి మాటలు ఎవరూ ఎత్తరు, ఆమె కూడా నాకేం గుర్తులేదత్తా అంటది.

అదీ మన పద్ధతి. ఆడదాని కోపానికి మన దగ్గర చోటు లేదనడం తప్పు, బ్రహ్మాండమైన చోటుంది, కాకపోతే అది అమ్మవారి పేరు మీద ఉండాలి, తెల్లారేలోపు అయిపోవాలి. జొన్నవాడ కామాక్షమ్మ సంగతే చూడండి, పెన్న ఒడ్డున ఆ తల్లి ఒకప్పుడు ఉగ్రరూపంలో ఉండేదని, శంకరాచార్యులు వచ్చి శ్రీచక్రం పెట్టి శాంతపరిచారని స్థలపురాణం. ఇట్టాంటి స్థలపురాణం చాలా గుళ్లకి ఉంటది, ముందు ఉగ్రం, తర్వాత ఒక పెద్దమనిషి, తర్వాత శాంతం. కోపం ఎందుకొచ్చిందనే దానికన్నా ఎట్టా తగ్గిందనే దాని మీదే కథ నడుస్తది.

డార్క్ ఫాంటసీ నవల ఆ పసుపు నీళ్లు లాగేసుకుంటది. కొలుపులో కోడలికి రాత్రి మాటలు అన్నీ గుర్తుంటే? మామకి కూడా గుర్తుంటే? పూనకం దిగకుండా, దిగనివ్వకుండా, ఆమే దాన్ని పట్టుకుని కూర్చుంటే? దేవతకి కోపమొస్తే ఒక పోతుని కొట్టి సరిపెడతారు, దేవతకి ఆకలి లేదు, పిల్లల్లేరు, మర్నాడు పొద్దున అదే ఇంట్లో అదే పొయ్యి ముందు కూర్చునే కర్మ లేదు. అదే కోపం పందొమ్మిదేళ్ల పిల్లకి ఇస్తే అది అంత సులభంగా తీరదు. తప్పు మనిషిని కూడా కాలుస్తది. తర్వాత నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోయినా మళ్లీ కాలుస్తది.

2018లో వచ్చిన ఆర్.ఎఫ్. క్వాంగ్ నవల ది పాపీ వార్ ఈ మధ్య కాలంలో దీనికి గట్టి ఉదాహరణ. నేపథ్యం చైనా 20వ శతాబ్దపు చరిత్ర, ముఖ్యంగా జపాన్‌తో యుద్ధం, 1937 నాన్జింగ్ మారణహోమం, అవన్నీ వేరే పేర్లతో వేరే లోకంలో పెట్టింది. హీరోయిన్ రిన్, యుద్ధంలో అమ్మానాన్న పోయిన పిల్ల, నల్లమందు అమ్మే ఒక ఇంట్లో పనిమనిషికి ఎక్కువ కూతురికి తక్కువ అన్నట్టు పెరిగింది. వాళ్లు ఒక ముసలాడికి ఇచ్చి పెళ్లి చేద్దామని చూస్తారు. తప్పించుకోడానికి ఒకటే దారి, దేశం మొత్తం రాసే పరీక్షలో ర్యాంక్ కొట్టి రాజధాని అకాడమీలో సీటు తెచ్చుకోవడం. నిద్ర రాకుండా కొవ్వొత్తి మైనం చేతి మీద పోసుకుంటా చదువుద్ది. సీటొస్తది. పోయినాక అక్కడ పెద్దింటి పిల్లలు ఆమె రంగుని, దక్షిణాది యాసని ఎగతాళి చేస్తారు.

ఈ భాగం నెల్లూరు రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ చదివినవాళ్లకి విడిగా వివరించాల్సిన పనే లేదు. తెల్లారుజామున స్టడీ అవర్, తలుపు దగ్గర వార్డెన్, ర్యాంక్ రాకపోతే పెళ్లి చేసేస్తామనే మాట ఫోన్లో సగం జోకుగా సగం నిజంగా వినపడ్డం, తర్వాత హైదరాబాద్ పోతే "ఏందబ్బా" అన్నందుకు నవ్వినోళ్లు. మంత్రాలూ దేవుళ్లూ ఇంకా రానే లేదు, నవల అప్పటికే పట్టుకునేసింది. ఆ మైనం మచ్చలు ఏ మంత్రం కన్నా నమ్మకంగా ఉంటాయి.

కానీ రచయిత్రి అసలు తెలివి తర్వాత ఉంది. మామూలు కథలో అయితే కష్టపడి పైకొచ్చిన పిల్లకి చివర్లో శక్తి వస్తది, చెడ్డవాళ్లని ఓడిస్తది, మనం చప్పట్లు కొడతాం. ఇక్కడ రిన్‌కి అగ్నిపక్షి దేవత శక్తి దొరుకుద్ది. శత్రుదేశం చేసిన ఘోరాలు పేజీల కొద్దీ చదివి పాఠకుడు కూడా పళ్లు కొరుకుతా ఉంటాడు, ఏదో ఒకటి చెయ్యి, తగలబెట్టు అని. ఆమె తగలబెట్టుద్ది. సైన్యాన్ని ఒక్కదాన్నే కాదు, దేశాన్ని, అందులో పసిపిల్లల్ని, ముసలాళ్లని, ఏ పాపం తెలీనోళ్లని కూడా. అప్పుడు చదివేవాడి చేతిలో ఒక వేడి బొగ్గు మిగులుద్ది, అడిగింది నువ్వే గదా అని. ఇంత దాకా పట్టుకొచ్చి ఆమెని రాక్షసి అనుకోలేం, పాపం అని కూడా అనుకోలేం. కాంప్లెక్స్ క్యారెక్టర్ అనే మాట ఈమధ్య అరిగిపోయింది గానీ దానికి అర్థం ఏదన్నా ఉంటే ఇదే, మనిషిని మొత్తం అర్థం చేసుకుని కూడా క్షమించలేకపోవడం.

తెలుగులో చీకటి సాహిత్యం లేక కాదు. 1970, 80ల్లో వారపత్రికల్లో క్షుద్ర నవలలు సీరియల్‌గా వస్తుంటే మన అమ్మలు, పిన్నులు గుండెలు చేత్తో పట్టుకుని చదివారు, రాత్రిపూట బాత్రూమ్‌కి పోవాలంటే తోడు పిలిచేవాళ్లు. కానీ వాటిలో ఎక్కువ భాగం ఆడపిల్ల ఒళ్లు ఒక యుద్ధభూమి, చేతబడి ఆమె మీద జరుగుద్ది, దాన్ని చేసేదీ విప్పేదీ మగవాళ్లే, ఆమె మంచం మీద మెలికలు తిరగడమే పని. ఇప్పటి డార్క్ ఫాంటసీ చేసిన పెద్ద మార్పు ఒక్కటే, మంచం మీద ఉన్న పిల్లని లేపి మంత్రగత్తె కుర్చీలో కూర్చోబెట్టింది. దాంతో భయం దిశ మారిపోయింది. అప్పట్లో ఆమెకి ఏమవుద్దో అని భయపడేవాళ్లు, ఇప్పుడు ఆమె ఏం చేస్తదో అని భయపడుతున్నారు, ఆ రెండో భయంలో ఆడ పాఠకులకి లోపల్లోపల ఒక సంతోషం ఉంటది, ఎవరూ పైకి ఒప్పుకోరు గానీ.

అన్నీ గొప్ప నవలలేం కాదు, అది కూడా చెప్పుకోవాలి. మార్కెట్ పెరిగాక చెత్త కూడా పెరిగింది. నడుముకి రెండు కత్తులు, నాలుక మీద మూడు పంచ్ డైలాగులు, బయటికి కాఠిన్యం లోపల వెన్న, రెండో భాగం వచ్చేసరికి ఒక చీకటి రాకుమారుడి పక్కన సోఫాలో కూర్చుంటది, కథ అయిపాయె. ఇంకో సోమరి పద్ధతి ఏందంటే హీరోయిన్ ఎందుకు కర్కశంగా అయింది అనే ప్రశ్నకి ప్రతిసారీ అత్యాచారమే జవాబు, వేరే ఏ గాయం ఆడవాళ్ల జీవితంలో లేనట్టు. చానమ్మ కోపానికి అట్టాంటి కారణం ఏమీ లేదు. పరువు, భయం, మొగుడి మీద ప్రేమ, చుట్టుపక్కల ఇళ్లల్లో చచ్చిపోయిన వాళ్ల పెళ్లాల మొహాలు, వీటిల్లో ఏది ఎంత పాలో ఆమెకే తెలీదేమో. మంచి రచయిత అక్కడ తవ్వుతాడు.

ఈ నవలల్లో మంత్రం ఎట్టా పనిచేస్తది అనేది ఇంకో ముఖ్యమైన సంగతి, మనవాళ్లకి ఇది ఇంగ్లీషోళ్ల కన్నా త్వరగా ఎక్కాలి నిజానికి. స్కూల్లో నేర్చుకునే మంత్రాల కన్నా, బాధలోంచి పుట్టి అన్నవాళ్లని కూడా కాల్చే మంత్రాలే వీటిలో ఎక్కువ. మన భాషలో దానికి మాట రెడీగా ఉంది, ఉసురు. ఆడకూతురి ఉసురు పోసుకోబాకరా అని అవ్వలు అనే మాట ఉత్త భయపెట్టడం అనుకుంటాం, అది నిజానికి ఒక మ్యాజిక్ సిస్టమ్, దానికి రూల్స్ ఉన్నాయి. చేతిలో ఏమీ లేనోళ్లకే అది ఉంటది. డబ్బున్నోడి ఉసురు ఎవరికీ తగలదు. ఎండాకాలం కనిగిరి వైపు ట్యాంకర్ వచ్చినప్పుడు వరసలోంచి బిందె పక్కకి నెట్టేసిన చోట చూడాలి, ఆ ముసలామె అరవదు ముందు, వంగుద్ది, రెండు చేతులతో దుమ్ము ఎత్తుద్ది, నెట్టినోడి వైపు పోస్తా "నీ నోట్లో మన్ను బడ, నీ ఇంట దీపం పెట్టే దిక్కు లేకుండా పోను" అంటది. అప్పటిదాకా నవ్వుతున్న మగాడు కూడా ఒక అడుగు వెనక్కేస్తాడు. బిందె మళ్లీ వరసలోకి వస్తది, చాలాసార్లు.

దీని పెద్ద రూపం తిక్కన గారి భారతంలోనే ఉంది, నెల్లూరు పుస్తకమే అది. స్త్రీపర్వంలో గాంధారి. వందమంది కొడుకులు పోయారు. వ్యాసుడు ముందే వచ్చి కోపం వద్దమ్మా అని సర్దిచెప్పాడు, సరే అన్నది. ధర్మరాజు కాళ్ల దగ్గరికి వచ్చాడు. కళ్లకి కట్టిన గంత సందులోంచి ఆమె చూపు అతని కాలి గోళ్ల మీద పడింది, అంతే, గోళ్లు నల్లగా మాడిపోయినాయి. సర్దిచెప్పాక, సరే అన్నాక, మిగిలిన కోపం అంత. తర్వాత కృష్ణుణ్ణి శపిస్తది, ముప్పై ఆరేళ్లకి నీ వాళ్లు కూడా ఒకళ్లనొకళ్లు నరుక్కుని చస్తారు అని. ఆయన నవ్వి, అది ఎట్టాగూ జరిగేదే అంటాడు, తప్పు నీది కూడా ఉంది, నీ కొడుకుని నువ్వే అదుపులో పెట్టలేదు అని కూడా అంటాడు. అది నిజమే, అదే ఇక్కడ గొప్ప. ఆమె శాపం న్యాయం, ఆయన మాటా న్యాయం, ఆ గోళ్లు మాత్రం నల్లగానే ఉంటాయి. ఇంతకన్నా మంచి డార్క్ ఫాంటసీ సీన్ ఈమధ్య ఇంగ్లీషులో వచ్చిందంటే నమ్మడం కష్టం.

ఇక తెలుగులో ఇట్టాంటి నవల ఎవరైనా రాయాలంటే మొదటి అడ్డంకి భాషే. మంత్రలోకం అనగానే మనవాళ్ల కలం గ్రాంథికంలోకి జారిపోద్ది, హీరోయిన్ నోరు తెరిస్తే "ఓరీ దురాత్మా" అంటది, అంతటితో అక్కడ మనిషి చచ్చిపోద్ది, పౌరాణిక సినిమా మిగులుద్ది. ట్యాంకర్ దగ్గర ముసలామె మాట్లాడిన భాషలోనే మంత్రం పడాలి. ప్రోలమ్మ కూడా పాలు పోస్తా అట్టాగే మాట్లాడి ఉంటది, పద్యం తర్వాత ఎవరో కట్టారు.

చానమ్మ నవలకి మొదటి చాప్టర్ ఆ పాల దగ్గర్నించే మొదలుపెట్టొచ్చు. పాలు వాటంతట అవే విరిగినాయా, లేక కొడుకు గుమ్మంలోకి వస్తుంటే చూసి ఆ తల్లి వంటింట్లోకి పోయి, కాగుతున్న పాలల్లో పుల్ల మజ్జిగ ఒక గరిటె పోసిందా, పోస్తుంటే కోడలు తలుపు దగ్గర నిలబడి చూస్తా ఉందా, చూసి ఏమీ అనకుండా పసుపు నూరడానికి పోయిందా.